చందమామ బొమ్మల జతగాళ్లు

భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, అయినా అదరని నడక. విక్రమార్కుడనగానే మన కళ్లకు కట్టేది శంకర్ గీసిన రూపమే. 1947లో మద్రాసులో మొదలైన పిల్లల పత్రిక చందమామలో ఆయన చేరేనాటికే మరో చిత్రకారుడు చిత్రా అక్కడ ఉన్నారు. శంకర్ ఆర్ట్స్ స్కూల్లో చదివినవారు, చిత్రా సొంతంగా గీత పట్టుకున్నవారు.

కథకు బొమ్మ వేయడమంటే ముందు క్షణాన్ని ఎంచుకోవడం. గుట్టు విప్పేస్తే చదివే పిల్లల ఉత్సాహం చప్పబడుతుంది, అందుకే ఒక అడుగు ముందే ఆగాలి. తర్వాతే పెన్సిలూ, సిరా. సీరియల్ అయితే మరీ కష్టం: నాయకుడి ముక్కు తీరు, తలపాగా చుట్టు నెలనెలా మారకూడదు.

పక్కవాడి మంచి బొమ్మ చూస్తే ఏ చిత్రకారుడి చేయీ ఊరుకోదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల రంగులూ ఆ పత్రికవే కదా! అయినా ఒకరి గీత మరొకరిలో కరిగిపోలేదు. సంతకం మూసినా ఎవరి బొమ్మో పోల్చుకోవచ్చు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

శంకర్ తొంభై దాటాక, 2020లో కన్నుమూశారు. బేతాళ కథలకు దశాబ్దాలపాటు గీశారాయన. రాజు అతడే, బేతాళుడు అతడే. లోపలి కథల్లోని ఊళ్లూ మనుషులూ మాత్రం ప్రతినెలా కొత్తవే.