పరిచారిక ఇల్లు ఎక్కడ? హాలీవుడ్ చిత్రాలలో నల్లజాతి స్త్రీ పాత్రచిత్రణ

1. ఉపోద్ఘాతం

అమెరికా ప్రధాన స్రవంతి సినిమాలో నల్లజాతి స్త్రీ చాలాకాలం దాదిగానో, వంటమనిషిగానో, పనిమనిషిగానో కనిపించింది. ఈ మూసపాత్రను విమర్శకులు ‘మామీ’గా వ్యవహరిస్తారు. భారీకాయం, శ్వేతజాతి యజమానుల పట్ల చెదరని విధేయత, వారి పిల్లల పట్ల మాతృవాత్సల్యం దీని లక్షణాలు. ఇటువంటి పాత్రలు ఎన్ని వచ్చాయన్న లెక్క కంటే, పని ముగిశాక అవి ఏ ఇంటికి వెళ్తాయన్న ప్రశ్న చిత్రాల దృక్పథాన్ని స్పష్టంగా బయటపెడుతుంది.

2. పేరు లేని పాత్ర

‘గాన్ విత్ ద విండ్’ (1939)లో హాటీ మెక్‌డానియల్ పోషించిన పాత్రకు మామీ అన్న పిలుపే పేరు. బానిసత్వం రద్దయిన తర్వాత కూడా ఆమె స్కార్లెట్ కుటుంబాన్ని వీడదు. ఎందుకు వీడలేదన్న ప్రశ్న కథకు తట్టదు. స్కార్లెట్ కూతురు మరణించినప్పుడు మెట్లెక్కుతూ మెలనీతో మామీ చెప్పుకొనే దుఃఖం మెక్‌డానియల్ నటనకు శిఖరం. కాని ఆ దుఃఖం కూడా యజమాని ఇంటిదే.

ఈ పాత్రకు 1940 ఫిబ్రవరి 29న ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ లభించింది. ఆ పురస్కారం పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. అయితే వేడుకలో ఆమెను సహనటుల సరసన గాక, గోడ పక్కన విడిగా వేసిన చిన్న బల్ల వద్ద కూర్చోబెట్టారు. తెరపై ఆమెకు దొరికిన చోటుకూ, సభలో దొరికిన చోటుకూ పెద్ద భేదం లేదు.

3. వద్దన్న ఇల్లు, అడగని ప్రశ్న

‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ (1934)లో డిలైలా (లూయీజ్ బీవర్స్) చేసే అట్ల తయారీ విధానంతోనే యజమానురాలి వ్యాపారం వృద్ధి చెందుతుంది. ఆమెకు 20 శాతం వాటా, సొంత ఇల్లు ఇవ్వజూపితే, తనను దూరం చేస్తున్నారని ఆమె బెంబేలెత్తుతుంది. ఇల్లు నిరాకరించే మాటను ఆమె నోటనే పలికించడంతో అసమానత విధేయతగా మారిపోతుంది.

డగ్లస్ సర్క్ 1959లో ఈ కథనే మళ్లీ తీశాడు. తనకెందరో స్నేహితులున్నారని ఆనీ (జువానిటా మూర్) చెప్పినప్పుడు యజమానురాలు ఆశ్చర్యపోతుంది. మీరెన్నడూ అడగలేదన్నదే ఆనీ సమాధానం. ఆ సమాధానం యజమానురాలిని మాత్రమే గాక, అంతవరకు ఆమె కళ్లతోనే కథ చూసిన ప్రేక్షకులనూ నిలదీస్తుంది. ఆనీ సొంత సమాజం తెర నిండా కనిపించేది మాత్రం ఆమె శవయాత్రలోనే.

4. వంటగదిలో సాక్ష్యం

‘ద హెల్ప్’ (2011) పరిచారిక ఇంట్లోకి ప్రవేశిస్తుంది. ఐబిలీన్ (వయోలా డేవిస్) కంఠంతోనే కథ మొదలై ముగుస్తుంది. గోడపై ఆమె చనిపోయిన కొడుకు ఫొటో ఉంటుంది. ఇది విస్మరించరాని ముందడుగు. అయినా ఆ ఇంటి తలుపు ప్రధానంగా శ్వేతజాతి యువతి రాయబోయే పుస్తకం కోసమే తెరుచుకుంటుంది. యువతికి న్యూయార్క్‌లో ఉద్యోగం లభిస్తే, ఐబిలీన్ ఉన్న కొలువు పోగొట్టుకొని రోడ్డు వెంట నడిచిపోతుంది. చిత్రంలో పనిమనుషుల గొంతులు అంతిమంగా వినిపించలేదని వయోలా డేవిస్ స్వయంగా 2018లో విచారం వ్యక్తం చేసింది.

5. సొంత తీరం

జూలీ డాష్ ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’ (1991) ప్రధాన స్రవంతికి వెలుపలి చిత్రం. 1902లో అట్లాంటిక్ తీరపు దీవిని వదిలి ఉత్తరాదికి వెళ్లబోతున్న గల్లా కుటుంబం ఇందులో కథావస్తువు. ఇక్కడా స్త్రీలు వండుతారు, కాని తమవారి కోసం. ఇక్కడా వృద్ధురాలు ఉంటుంది, కాని ఆమె తన వంశస్మృతికి కాపరి. నీలిమందు పనితో మరకలు పడిన ఆ చేతులు బానిసత్వపు చరిత్రను మాటలు లేకుండా చెబుతాయి. శ్రమ మారలేదు, అది ఎవరి ఇంటిలోదన్నది మారింది.

6. ముగింపు

నల్లజాతి స్త్రీ ప్రేక్షకులు తెరను ప్రశ్నిస్తూ చూసే దృష్టిని బెల్ హుక్స్ 1992లో ప్రతిఘటనా దృష్టిగా సిద్ధాంతీకరించింది. ఆ దృష్టితో చూస్తే మంచి పాత్ర, చెడ్డ పాత్ర అన్న విభజన చాలదు. మామీ దయగలదే, డిలైలా ఉత్తమురాలే. వారికి కరువైనది సద్గుణం కాదు, సొంత గడప. పురస్కారాలు పెరిగినంత మాత్రాన ఆ లోటు తీరదు. ఎవరూ పిలవని వేళ ఆ స్త్రీ ఏం చేస్తుందో చూపగలిగినప్పుడే ఆమె చిత్రణ పరిపూర్ణమవుతుంది.