మెరుపు వేరు, వెండి వేరు

పాత రూపాయి చేతికొస్తే మనం ముందు చూసేది బొమ్మ. విక్టోరియా రాణా, జార్జి చక్రవర్తా అని. అదే రూపాయిని నర్సీపట్నం బజారులో అనుభవమున్న కంసాలికి ఇచ్చి చూడండి, బొమ్మ జోలికే పోడు. రెండు వేళ్ల మధ్య నిలబెట్టి అంచు చూస్తాడు, గచ్చు మీద మోగిస్తాడు, త్రాసులో వేస్తాడు. తళతళలాడే ప్రూఫ్ నాణేల పెట్టెలు ఇళ్లకు చేరుతున్న ఈ రోజుల్లో ఆ పాత పద్ధతికి పని తగ్గలేదు, పెరిగింది.

ప్రూఫ్ అన్నది లోహం కాదు, నాణెం ముద్రించే తీరు. అచ్చుకు సానపట్టి, బిళ్లకూ మెరుగుపెట్టి, ఒక్కోదాన్ని నిదానంగా, ఎక్కువ ఒత్తిడితో, ఒకటికి రెండుసార్లు కొడతారు. నేల నిగనిగలాడుతుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. ఈ హంగు వెండికి చేసినా వస్తుంది, రాగి-నికెల్ మిశ్రమానికి చేసినా వస్తుంది. కాబట్టి ముఖం చూసి లోహం చెప్పబోతే బోల్తా పడడం ఖాయం.

అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు తెచ్చే ప్రూఫ్ సెట్లనే తీసుకోండి. 1965 చట్టంతో అక్కడి డైమ్, క్వార్టర్ నాణేల్లోంచి వెండి పోయింది. అప్పట్నుంచి నడుమ రాగి, పైనా కిందా రాగి-నికెల్ పొరలు. దీన్నే క్లాడ్ అంటారు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎస్’ గుర్తుతో తయారయ్యే ప్రూఫ్ నాణేలూ మామూలు సెట్లో ఈ క్లాడ్‌వే. 1992 నుంచి మాత్రం వెండి ప్రూఫ్ సెట్లు విడిగా వస్తున్నాయి. 2018 దాకా వాటిలో 90 శాతం వెండి, 2019 నుంచి దాదాపు స్వచ్ఛమైన వెండి. బొమ్మ అదే, సంవత్సరం అదే, గుర్తు అదే. తేడా అంచులో ఉంది. క్లాడ్ నాణేన్ని పక్కకు తిప్పితే నడుమ ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది. వెండిదైతే అంచు మొత్తం తెలుపే. తూకమూ పట్టిస్తుంది: క్లాడ్ క్వార్టర్ 5.67 గ్రాములు, 90 శాతం వెండి క్వార్టర్ 6.25. పెట్టె మీది రాతను నమ్ముకోకండి, పెట్టెలు మార్చడం ఎంతసేపు?

మన దేశపు నాణేలతో చిక్కు వేరు. మన వెండి స్మారక నాణేల జతల్లో ఈ పొరల గొడవ లేదు, కలిపిన లోహాల పాళ్ల గొడవే. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెంలో 80 శాతం వెండి, తూకం 15 గ్రాములు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవపు పది రూపాయలు 22.5 గ్రాములకు పెరిగింది, వెండి మాత్రం సగానికి దిగింది. 1974 నాటి పది రూపాయల స్మారక నాణేనికి వచ్చేసరికి అసలు వెండే లేదు, అంతా రాగి-నికెల్. తమాషా ఏమిటంటే దాని బరువు 25 గ్రాములు. బరువుగా ఉంది కదా, వెండే అయ్యుంటుంది అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. తూకం ఒక్కటే చాలదు, ఏ సంవత్సరపు నాణేనికి ఎంత ఉండాలో కూడా తెలియాలి.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ఎందరో తెలుగువాళ్లు దాచుకున్నారు. హైదరాబాద్ టంకశాలలో తయారైంది. వ్యాసం 44 మిల్లీమీటర్లు. 50 శాతం వెండి, 40 శాతం రాగి, నికెల్, జింకు చెరో 5. 35 గ్రాముల నాణెంలో వెండి పదిహేడున్నర గ్రాములన్నమాట. ప్రూఫ్‌గా కొన్నా, మామూలు మెరుపుదే కొన్నా వెండి అంతే, అదనంగా పెట్టిన డబ్బు ముద్రణ పనితనానికి.

మన్యం సంగతికొస్తే, చింతపల్లి, పాడేరు వైపు ఆడవాళ్ల మెడలో పాత రూపాయల దండలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. 1835 నుంచి 1939 దాకా రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత తులం. వెండి 91.7 శాతం. అల్లూరి తిరుగుబాటు కాలంలో చెల్లింది ఆ రూపాయే.  ఆ రోజులకే చిల్లరలో వెండి పలచబడసాగింది. మొదటి యుద్ధంలో వెండికి కరువొచ్చి, 1918 నుంచి బేడ (రెండణాల నాణెం) రాగి-నికెల్‌తో నలుపలకల బిళ్ల అయింది. 1940లో రూపాయికీ అదే గతి: వెండి సగానికి పడింది, తూకం మాత్రం మారలేదు. దీన్ని పట్టించేది మళ్లీ అంచే. 1940 నుంచి వచ్చిన రూపాయి అంచున పళ్ల గీతల మధ్య చుట్టూ ఒక గాడి ఉంటుంది. వెనుక పులి ఉన్న 1947 రూపాయైతే పూర్తిగా నికెల్, అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. దండలోని రూపాయిని తూచేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: పైన అతికిన ఉంగరం, టంకం కూడా తూకంలో కలుస్తాయి.

కంసాలి విద్య అంతా ప్రూఫ్ నాణెం మీద చేయకూడదు. గీటురాయి మీద ఒక్క గీత గీస్తే, గచ్చు మీద ఒక్కసారి మోగిస్తే నాణెం విలువ పోయి వెండి విలువే మిగులుతుంది. చింతపండుతో తోమినా అంతే. వేలిముద్ర పడినా ఏళ్లు గడిచాక మచ్చగా తేలుతుంది. అంచు పట్టుకోవాలి, గుడ్డ మీద పెట్టి చూడాలి, అంతే. పాత రూపాయికి ఇంకో పరీక్ష ఉంది. వాలుగా పట్టుకుని గట్టి అయస్కాంతపు బిళ్లను దాని మీద జారవిడిస్తే వెండి మీద నెమ్మదిగా దిగుతుంది, రాగి-నికెల్ మీద జర్రున జారిపోతుంది. రాగి మీదా నెమ్మదిగానే దిగుతుంది కాబట్టి దీన్ని తూకంతో కలిపే నమ్మాలి.

అమ్మబోయే ముందు ఇంట్లోనే సంవత్సరం చూసి వేరు చేసుకోండి. అన్నిటినీ ఒకే మూటలో కట్టి ‘పాత రూపాయలు’ అంటే కొట్టువాడు సగం వెండి లెక్కే కట్టవచ్చు. 1939 దాకా వచ్చిన రూపాయిలో 10.69 గ్రాముల వెండి, తర్వాతి వెండి రూపాయిలో 5.83. 1939 అచ్చు రూపాయి కనిపిస్తే కరిగించడానికి ఇవ్వకండి. అది అరుదు, అరుదు కాబట్టే నకిలీలూ ఎక్కువ. నాణేలు సేకరించేవాళ్లకు చూపించాకే బేరం.