బొమ్మల గదికి దండాలు

దండం నీకు, బొమ్మల గదీ!

వంటింటికి పొయ్యి ఉంది, దేవుడి మూలకి దీపం ఉంది, పడకటింటికి నిద్ర ఉంది. మా వైపు మేస్త్రీ గీసే ఇంటి ప్లానులో నీకు మాత్రం చోటుండదు. అయినా పుడతావు. ధాన్యం వెయ్యడం మానేసిన కొట్టుగదిలో పుడతావు. మేడ మీద రేకుల కింద పుడతావు. వసారా చివర తడిక కట్టిన మూరెడు జాగాలో పుడతావు. విజయనగరం కోట పక్క పాత పెంకుటింట్లోనైనా, పలాస జీడితోటల నడుమ స్లాబు ఇంట్లోనైనా, ఒక మనిషి చాప పరిచి, నీళ్ల గిన్నె పెట్టుకుని, ఇక్కడ నేను బొమ్మ వేసుకుంటానని కూర్చున్న క్షణమే నీకు గృహప్రవేశం.

నీ వంశం చిన్నదేం కాదు. సీతంపేట కొండల మీద సవర గిరిజనుల ఇంటికి వెళ్తే నీ పూర్వీకురాలు లోపలి గోడై కనిపిస్తుంది. ఎర్రమట్టితో అలికిన గోడ. దాని మీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్ల కుంచెతో తెల్లటి గీతలు. నలుచదరపు గడి ఒక ఇల్లు. అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. చనిపోయిన పెద్దలు వచ్చి ఉండడానికి ఆ బొమ్మ. వాళ్లకి వేరే స్టూడియో అక్కర్లేకపోయింది. రంగు కాళ్ల కింద నేలలో ఉంది, తెలుపు రోటిలో ఉంది, గోడ ఇంట్లోనే ఉంది. బొమ్మ వేసే చోటూ బతికే చోటూ ఒకటిగా ఉండగలవని మా కొండలు మాకు ముందే చూపించాయి.

1921లో శ్రీకాకుళంలో ఒక డ్రాయింగు మాస్టారి ఇంట్లో వడ్డాది పాపయ్య గారు పుట్టారు. తండ్రి రామ్మూర్తి గారు బళ్లో పిల్లలకి బొమ్మలు నేర్పేవారు. రవివర్మ వేసిన కోదండరాముణ్ణి చూసి ఆ పిల్లవాడు అయిదేళ్ల వయసులో ఆంజనేయుణ్ణి గీశాడు. తర్వాత ఆ చెయ్యే చందమామ అట్టల మీద, యువ అట్టల మీద తెలుగు ఇళ్లన్నిటికీ వెళ్లింది. కింద మూల ‘వపా’ అన్న సంతకం చూసి జనం పుస్తకం దాచుకున్నారు. పత్రికలకి అంత పని చేసిన మనిషి కశింకోటలో ఇల్లు పట్టుకుని ఉండి, అక్కడ కూర్చునే ముఖచిత్రాలు వేసి పంపారు. ఆ అప్సరసలు, ఆ రాకుమారులు, ఆ కారడవులు మా ఉత్తరాంధ్ర పల్లెటూరి ఇంటి గాలి పీల్చి పుట్టినవే. ఆ మాట తలుచుకుంటే నీ మీద నాకు నమ్మకం కుదురుతుంది, గదీ.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. అంట్యాకుల పైడిరాజు గారు పుట్టిందీ ఆ ఏడాదే. పాటకి రాజావారు బడి కట్టారు. బొమ్మ సంగతి పైడిరాజు గారు తన మీద వేసుకున్నారు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, తిరిగి వచ్చి, విజయనగరంలో చిత్రకళా పాఠశాల పెట్టారు. బొట్టు పెట్టుకునే ఆడవాళ్లు, కొప్పు ముడుచుకునే ఆడవాళ్లు, ఎండలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఆయన రంగుల్లో రాణుల్లా నిలబడ్డారు. 1986లో ఆయన వెళ్లిపోయారు. పాటకి ఇల్లు ఇచ్చిన ఊరు బొమ్మకి కనీసం ఇంటికో గది బాకీ పడిందని నేను గట్టిగా నమ్ముతాను.

వెలుగు తల్లీ, ఇప్పుడు నీకు దండం.

అరసవల్లి సూర్యదేవుడి గుడి మా పక్కనే ఉంది. ఏడాదికి రెండు సార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, తొలి కిరణం గుడి వాకిళ్లు దాటి లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలు తాకుతుంది. ఆ కిరణం కోసం తెల్లవారకముందే జనం బారులు తీరుతారు. వెలుగు ఏ రోజు ఏ వాకిట్లోంచి ఎంత లోపలికి వస్తుందో లెక్క కట్టి గుడి నిలబెట్టిన నేల ఇది. ఇంట్లో బొమ్మల గది పెట్టుకునేవాళ్లు చెయ్యవలసిందీ ఆ పనే. గది ఎంచుకోకముందు అందులో ఒక తెల్ల కాగితం పెట్టి, పొద్దున్నించి పొద్దుగూకే దాకా వెలుగు దాని మీద ఎలా నడుస్తుందో చూడాలి.

చిత్రకళ పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ మంచిదంటాయి. ఎండ నేరుగా పడదు, నీడలు గంటగంటకీ జరగవు, రంగు నిలకడగా కనిపిస్తుంది. మాట నిజమే. కాని ఆ పుస్తకాలు చలిదేశాల్లో రాసినవి. శ్రీకాకుళం భూమధ్యరేఖకి 18 డిగ్రీల పైన ఉంది. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపుకి వచ్చేస్తాడు. ఆ రోజుల్లో పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా ఉత్తరపు కిటికీలోంచే దూరుతాయి. అందుకని ఆ కిటికీకి ముందుకి చాచిన చూరు కావాలి, లోపల పల్చటి తెర కావాలి. ఆ తెరకి పొందూరు ఖాదీని మించింది నేను చూడలేదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన ఆ సన్నగుడ్డలోంచి వచ్చిన ఎండ వేడి దిగి, మెత్తబడి, తెల్లటి వెలుగుగా మారి కాగితం మీద పడుతుంది.

ఉత్తరం లేకపోతే తూర్పు తీసుకోండి. తూర్పూ లేకపోతే దిగులు పడొద్దు. 5000 కెల్విన్ల ఎల్ఈడీ బల్బు, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90కి పైన ఉన్నది, తలకి కాస్త వెనక, ఎడమ పక్కగా కడితే చాలు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కుడి పక్కన కట్టాలి. పసుప్పచ్చటి బల్బు కింద కలిపిన రంగు తెల్లారి చూస్తే వేరే రంగై కూర్చుంటుంది. గోడలకి లేత బూడిద రంగో, తెలుపో. నీలం గోడ పక్కన పెట్టిన ఎరుపుని కన్ను నమ్మలేదు.

నీకు శత్రువు ఒకటే, గదీ. దాని పేరు చెమ్మ.

సముద్రం పక్కన ఉన్నందుకు అది మనం కట్టే సుంకం. శ్రావణం వచ్చేసరికి డ్రాయింగు షీటు అప్పడంలా వంకర తిరుగుతుంది. పటాల వెనక బూజు పూస్తుంది. గోడలో చెద ఉంటే అట్టల కట్ట ఒక వానాకాలం కూడా ఆగదు. దానికి తోడు తుఫాన్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఉద్దానంలో కొబ్బరిచెట్లే కూలిపోయిన రాత్రి కాగితం మీద వేసిన బొమ్మ గతేమిటి? అందుకే మా వైపు బొమ్మల గదిలో మొదట కొనవలసింది రంగులు కావు, పెట్టె. రేకు ట్రంకు పెట్టె ఒకటి. కింద ఇటుకల మీద పలక వేసి దాని మీద పెట్టాలి. బయటి గోడకి ఆనించకూడదు, అటక ఎక్కించకూడదు, నేల మీద దించకూడదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య బటర్ పేపరు, మొత్తానికి పాలిథీన్ సంచి, అందులో సిలికా జెల్ పొట్లాలు. గోడకి తగిలించే పటం వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, చెమ్మ పటంలోకి పాకదు. రథసప్తమి వేళకి గాలి పొడిగా ఉంటుంది. అరసవల్లిలో భక్తులు దేవుణ్ణి చూసుకునే ఆ రోజున, నీలో పెట్టెలన్నీ తెరిచి బొమ్మల్ని నీడపట్టున గాలికి పెట్టడం మంచి ఆచారమవుతుంది.

ఇక నీ సంపద.

ఈజిల్ కోసం పట్నం వెళ్లక్కర్లేదు. మా తీరం పొడుగునా సరుగుడు తోటలే. ఎండిన సరుగుడు కర్రలు మూడు తెచ్చి, పైన బోల్టుతో బిగించి, ముందరి రెండు కాళ్లకి జానెడుకొక చిల్లు పెట్టి చీలలు దిగేస్తే నిలువెత్తు బొమ్మనైనా మోస్తుంది. రంగు నూరుకునే రాయికి టెక్కలి ఉంది. గ్రానైటు కోసే చోట పాలిష్ పట్టిన చిన్న ముక్క దొరికితే అది నీ జీవితాంతం ఉంటుంది. రంగులు కలుపుకోడానికి తెల్లటి పింగాణీ పళ్లెం చాలు. తెల్లగా ఉంటేనే రంగు తన నిజం చెబుతుంది.

రంగులు ఎక్కువ కొనొద్దు. ఇరవైనాలుగు గొట్టాల డబ్బా చూస్తే నోరూరుతుంది, నిజమే. అందులో సగం ఎండిపోయి గట్టిపడతాయి. అల్ట్రామెరీన్ నీలం, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియన్నా, లెమన్ ఎల్లో, ఒక క్రిమ్సన్, పెద్ద గొట్టం తెలుపు. వీటితో మా శ్రీకాకుళం, విజయనగరం రెండూ వెయ్యొచ్చు. సియన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే మహేంద్రగిరి మీదికి దిగే కారుమబ్బు వస్తుంది. ఓకర్ పల్చన చేస్తే ఎండాకాలపు నాగావళి ఇసుక. లెమన్‌లో నీలం చుక్క వేసి, పైన సియన్నా తాకిస్తే జీడిచెట్టు లేత చిగురు. నల్లరంగు గొట్టం లేకుండా ఒక ఏడాది గడిపిన వాళ్లకి నీడల్లో ఎన్ని రంగులుంటాయో తెలుస్తుంది.

సొంతంగా రంగు చేసుకోవాలనిపిస్తే మట్టి దగ్గరికి వెళ్లండి. ఎర్రమట్టి నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకి దిగాక పైతేట వంచి, ఆ తేటలో పేరుకున్న మెత్తటి ఒండ్రుని ఆరబెట్టి నూరితే వచ్చే ఎరుపు వందేళ్లకీ వెలవదు. అందులో ఉన్నది ఇనుప తుప్పు కనుక. చీపురుపల్లి, గరివిడి నేలల్లో మాంగనీసు ఉంది. అంబర్ అనే ముదురు గోధుమ రంగుకి ఆ ముదురుదనం ఇచ్చేది మాంగనీసే. ఆముదం దీపం మీద మట్టిమూకుడు బోర్లిస్తే పట్టే మసి, ఎంత పాతబడినా చెక్కుచెదరని నలుపు. వీటికి తుమ్మజిగురు, చుక్క తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం కలిపితే నీటిరంగు సిద్ధం. పసుపుకొమ్ము రంగు మాత్రం నమ్మొద్దు, ఎండ తగిలితే పారిపోతుంది. పాత పటాల్లో మెరిసే ఇంగిలీకం, హరిదళం, సింధూరం ఇంట్లో నూరనే కూడదు. మొదటిది పాదరసం, రెండోది పాషాణం, మూడోది సీసం. పిల్లలు తిరిగే ఇల్లు మనది.

కాగితం దగ్గర పిసినారితనం పనికిరాదు. నీటిరంగుకి 300 జీఎస్ఎం కాగితం, వీలైతే నూలుగుజ్జుతో చేసింది. చవక చార్టు కొన్నాళ్లకే పచ్చబడి, గిల్లితే విరుగుతుంది; దాని మీద ఎంత మంచి బొమ్మ వేసినా అంతే. నూనె రంగులకి గుడ్డని చట్రానికి బిగించేటప్పుడు ప్రతి పక్కా నడిమి నుంచి మూలలకి మేకులు కొట్టుకుంటూ పోవాలి. పెద్దవాళ్లు ఆ గుడ్డకి వజ్రం జిగురు కాచి పూసేవారు, కాని మన చెమ్మలో వజ్రం బూజు పడుతుంది. అక్రిలిక్ గెస్సో రెండు పూతలు చాలు.

కుంచెలకి దండం. పటచిత్రం వేసే ఒడిశా చిత్రకారులు మొగలి ఊడని నలగ్గొట్టి కుంచె చేసుకుంటారు. మొగలి పొదలు మా తీరంలోనూ ఉన్నాయి. సన్న గీతలకి సింథటిక్ కుంచెలు ఇప్పుడు చక్కగా దొరుకుతున్నాయి. ముంగిస వెంట్రుకల కుంచె ఎవరు చూపించినా కొనకండి. దాని కోసం ముంగిసల్ని చంపుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని అమ్మడం నేరం. పని అయ్యాక కుంచెని నీళ్లలో నిలబెట్టి వదిలేయకుండా, సబ్బుతో కడిగి, కొస వేళ్లతో సర్ది, పడుకోబెట్టి ఆరనివ్వాలి.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పారెయ్యకండి. ఆరుతూ ఆరుతూ అవి వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యండి. టర్పెంటైన్ సీసా పొయ్యి ఉన్న గదిలో ఉండకూడదు; అది వాడే గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి ఉండాలి.

అమ్మలూ, అయ్యలూ! మీ ఇంట్లో గోడల మీద బొగ్గుతో గీసే గుంట ఒకతి ఉంటే, చదువు పాడవుతోందని ఆ గోడ కడిగించెయ్యకండి. ఉత్తరపు కిటికీకి అడ్డంగా పెట్టిన బీరువా పక్కకి జరపండి. అక్కడ ఒక చాప, ఒక పళ్లెం, ఆరు రంగులు, ఒక ట్రంకు పెట్టె పెట్టి, ఈ చోటు నీదే అని ఆ పిల్లకి చెప్పండి.