వాయిదా పనుల చిట్టా

కొత్తలో అరకోటి దగ్గర పలికిన జర్మనీ కారు, పన్నెండు పదమూడేళ్ళు గడిచి రెండు లక్షల కిలోమీటర్లు తిరిగేసరికి, కొత్త మారుతీ ధరకి దిగి వస్తుంది. రాజాంలోనో పాలకొండలోనో దాని మీద మనసు పడ్డవాళ్ళకి రెండు రకాల సలహాలు అందుతాయి. ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం, జోలికి పోవద్దని ఒకటి. ఇంత చవగ్గా మళ్ళీ దొరకదు, కళ్ళు మూసుకుని తీసేసుకోమని ఇంకొకటి. మొదటి సలహా మీటరు మీది అంకెను చూసి ఇచ్చేది, రెండోది ధర చూసి ఇచ్చేది. ఆ రెండు అంకెల్లోనూ బండి సంగతి సగం కూడా ఉండదు. మిగతాదంతా ఇంకోచోట ఉంది. పాత యజమానులు సమయానికి చేయించకుండా ‘వచ్చే సర్వీసులో చూద్దాం’ అని వదిలేసిన పనులన్నీ బండిలోనే పేరుకుని ఉంటాయి. పాత ఖరీదైన కారు కొనడమంటే ఆ బాకీని నెత్తిన వేసుకోవడమే. బాకీ తక్కువున్న బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటినా ఫరవాలేదని, బాకీ పేరుకున్నది ఎనభై వేలకే దండగని నా వాదన.

ముందు మీటరు సంగతి. 2004లో గ్రీసు నుంచి ఒక పాత టాక్సీ మెర్సిడెస్ కంపెనీ మ్యూజియంకి చేరింది. 1976 నాటి 240డి అది. థెస్సలోనికీ నగరపు టాక్సీ డ్రైవరు దాన్ని 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు. ఒకే ఇంజన్‌తో అంత దూరం రాలేదు. విడి ఇంజన్లు దగ్గర పెట్టుకుని, ఒకటి దింపి బాగుచేసేలోపు ఇంకొకటి ఎక్కించి నడిపాడు. ఇప్పుడు మన హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్‌ని చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఊరేగింపుల కోసం తయారు చేయించిన సింహాసనం కారు. ఆయన 1911లోనే కన్నుమూశాడు. ఆ బండి మొత్తం మీద తిరిగింది కొన్ని వందల మైళ్ళే. అయినా దశాబ్దాలపాటు నిలబడిపోయినందుకు దాన్ని మళ్ళీ బాగుచేయించాకే జనానికి చూపగలిగారు. నిలబడిన బండికి రబ్బరు గట్టిపడుతుంది, సీళ్ళు ఎండిపోతాయి, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ‘డాక్టరుగారి బండి, ఇంట్లోనే ఉండేది, ముప్పై వేలే తిరిగింది’ అని అమ్మేవాళ్ళు ఊరిస్తే సంతోషం కంటే అనుమానం ముందు రావాలి. టాక్సీ డీజిలుకీ వేగం కోసం కట్టిన కారుకీ పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 240డి నత్తనడక బండి. వేగం కోసం కట్టిన ఇంజన్‌లో వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, పొరపాటుకి మన్నింపు తక్కువ. వాయిదా వేసిన పని ఖరీదు అక్కడ ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

పెరగడం ఎలాగో ఎయిర్ సస్పెన్షన్ చూస్తే తెలిసిపోతుంది. పాత మెర్సిడెస్‌కి ఒక చక్రం దగ్గర గాలి బెలో సన్నగా లీకవుతుంది. పొద్దున్నే బండి ఒక మూల కుంగి ఉంటుంది, స్టార్ట్ చేశాక లేస్తుంది. లేచింది కదా అని యజమాని ఊరుకుంటాడు. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాత్రం రోజంతా ఆడుతూనే ఉంటుంది. దానికి అంత పని చెయ్యడం అలవాటు లేదు. కొన్ని నెలలకి అది కాలిపోతుంది, కొన్నిసార్లు దాని రిలేని కూడా వెంట తీసుకుపోతుంది. ఒక బెలో ఖర్చుతో పోవాల్సింది మూడు సామాన్ల బిల్లవుతుంది. కూలెంటు కథా ఇంతే. ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద చిన్న చీలిక కనిపించినప్పుడు మార్చకుండా పైనుంచి కుళాయి నీళ్ళు పోసి నడిపితే, ఆ నీటిలోని సున్నం రేడియేటర్లో పేరుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ట్యాంకు పగిలితే సిలిండర్ హెడ్ వంగుతుంది. ఇందులో కిలోమీటర్ల పాపం ఏమీ లేదు.

వాయిదాలన్నీ యజమానుల చలవే అనుకోకూడదు, కంపెనీలు నేర్పినవీ ఉన్నాయి. బీఎండబ్ల్యూ 2007లో చెన్నై దగ్గర కార్లు బిగించడం మొదలుపెట్టాక మన రోడ్ల మీదికి వచ్చిన 5 సిరీస్‌లో జడ్‌ఎఫ్ కంపెనీ ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉండేది. అందులో ఆయిల్ జీవితకాలానికి సరిపోతుందని కారు కంపెనీ చెప్పింది. ఆ గేర్‌బాక్సుని తయారుచేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళలోపు మార్చమని చెబుతుంది. జీవితకాలం అన్నది ఎవరి జీవితకాలమో ఇక్కడ తేలుతుంది. మొదటి యజమాని బండి అమ్మేసేదాకా అన్నమాట. ఇంజన్ ఆయిల్‌ని 25 వేలకి ఒకసారి మార్చే లెక్క కూడా ఆ కోవలోదే, మన వేడికీ దుమ్ముకీ పదివేలకి మార్చడమే క్షేమం. పైగా గేర్ ఆయిల్ మార్చడం చేతికి వచ్చినవాళ్ళే చెయ్యాల్సిన పని. ఫిల్టరు ఆయిల్ పాన్‌తో కలిసే ఉంటుంది, కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. బండి సమంగా ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, ఆయిల్ వేడి నిర్ణీత హద్దుల్లో ఉన్నప్పుడే మట్టం చూసి నింపాలి. ‘పోసేద్దాం సార్, పొంగితే చాలు’ అనే చోట చేయిస్తే చేయించనట్టే. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడే మనస్తత్వం ఎక్కడ బయటపడుతుందంటే, సరిగ్గా ఈ ఆయిల్ బిల్లు దగ్గరే.

ఇంత జాగ్రత్త విశాఖలోనో హైదరాబాదులోనో సాగుతుంది గానీ రాజాంలో ఎలా కుదురుతుందన్నది గట్టి అభ్యంతరం. షోరూం వంద కిలోమీటర్ల పైన విశాఖలో ఉంది. చిలకపాలెం నుంచి రామభద్రపురం వెళ్ళే రోడ్డు లారీల బరువుకి ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళీ గోతులు తేలుతుంది. దీన్ని కొట్టిపారెయ్యలేం. ముందు చక్రాల కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు జర్మనీలో బతికినంత కాలం ఇక్కడ బతకవు. కొన్నిటి లోపల ద్రవం నింపి ఉంటుంది, గోతి దెబ్బకి చిట్లి కారిపోతుంది. స్టీరింగ్ వణుకు అక్కడే మొదలవుతుంది. రన్‌ఫ్లాట్ టైర్ల పక్క గోడలు గట్టివి కాబట్టి దెబ్బ నేరుగా రిమ్ముకీ సస్పెన్షన్‌కీ తగులుతుంది. అందుకే చాలామంది మామూలు టైర్లు వేసుకుని, డిక్కీలో ఒక స్టెప్నీ పెట్టుకుంటారు. మంచి పనే. రాత్రి పూట చీపురుపల్లి దారిలో స్టెప్నీ లేని బండి ఎంత వేగంగా పోగలిగితే ఏం లాభం? అయితే ఊరు చిన్నది కావడం వల్ల పని కుదరదనడం మాత్రం ఒప్పుకోను. రాజాం గోనెసంచుల ఊరు, జూట్ మిల్లుల ఊరు. ఏళ్ళ నాటి యంత్రం పొద్దున షిఫ్టుకి ఆగకూడదంటే ఏం చెయ్యాలో మిల్లు ఫిట్టరుకి తెలిసినంతగా కారు షోరూం సేల్స్‌మన్‌కి తెలియదు. బేరింగ్ శబ్దం మారితే పూర్తిగా పోయేదాకా ఆగడు, వారపు సెలవులో మార్చేస్తాడు. కారుకి కావలసింది ఆ అలవాటే. బుష్‌లు, బ్రేకులు, ఆయిల్, కూలెంటు, టైర్లు, ఎర్త్ వైర్లు వంటి పని పది పాళ్ళలో ఏడెనిమిది ఊళ్ళోనే మంచి మెకానిక్కు చెయ్యగలడు. గేర్‌బాక్సు, ఇంజెక్టర్లు, కంప్యూటరు పని విశాఖకి. ఏది ఎక్కడ చేయించాలో విడదీయగలగడమే ఇందులో అసలు నైపుణ్యం.

స్కానర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బళ్ళలో సగం తప్పుడు ఖర్చు అక్కడే పుడుతుంది. స్క్రీన్ మీద పన్నెండు ఎర్రర్లు కనపడగానే పన్నెండు సామాన్లు మార్చేస్తారు. నీరసించిన బ్యాటరీ ఒక్కటి చాలు, బండిలోని కంట్రోల్ యూనిట్లన్నిటి చేతా అబద్ధాలు ఆడిస్తుంది. ముందు బ్యాటరీ వోల్టేజి, తర్వాత ఆల్టర్నేటరు, తర్వాత ఎర్త్ వైరు చూసుకోవాలి. అప్పుడు ఎర్రర్లు చెరిపి, బండి నడిపి, తిరిగి వచ్చినవాటినే నమ్మాలి. ఈ తరం బీఎండబ్ల్యూల్లో చాలావాటికి కొత్త బ్యాటరీ బిగించాక దాని వివరం కంప్యూటర్లో నమోదు చెయ్యాలి, లేకపోతే పాత బ్యాటరీకి పెట్టిన లెక్కనే కొత్తదానికీ ఛార్జి చేస్తుంది. చేతిలో ఉన్న మోడల్‌కి పేరు పడ్డ జబ్బులు తెలుసుకోకుండా స్కానర్ పట్టుకున్నా లాభం లేదు. పాత బీఎండబ్ల్యూ 530డి లోని మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు మంచి గట్టి ఇంజన్. కానీ దాని మానిఫోల్డ్ లోపల తిరిగే చిన్న ఫ్లాప్‌లు విరిగి సిలిండర్లో పడటం ఎరిగిన జబ్బే, ముందే తీయించి మూయించుకోవాలి. ఇంకొంచెం చవగ్గా దొరికే 520డి చూసి మురిసేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. 2007 తర్వాతి ఆ ఇంజన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్సు వైపు, వెనకాల ఉంటుంది. అది శబ్దం చెయ్యడం మొదలుపెడితే బోనెట్ ఎత్తి చెయ్యగలిగిన పని కాదు.

సామాన్ల ధర మాటేమిటి? బండి ధర పదో వంతుకి పడిపోయినా సామాను ధర పడదు, అది అరకోటి బండి సామానే. దీనికి సమాధానం సగం మన చేతిలో ఉంది, సగం చట్టం చేతిలో ఉంది. చాలా సామాన్లు కారు కంపెనీ తయారుచేసేవి కావు. బాష్, మాలే, లెమ్‌ఫోర్డర్ లాంటి సంస్థలు చేసినవే కారు కంపెనీ ముద్రతో ఒక ధరకీ, తమ సొంత పెట్టెలో తక్కువ ధరకీ దొరుకుతాయి. పార్ట్ నంబరు తెలిసి అడిగితే దుకాణదారు దారికి వస్తాడు. విజయవాడ ఆటోనగర్‌లో విడదీసిన బళ్ళ సామానూ ఉంది. అద్దాలు, డోరు హ్యాండిళ్ళు, సీటు మోటార్లు, హెడ్‌లైట్లు అక్కడ నిశ్చింతగా కొనొచ్చు. బుష్‌లు, బ్రేకులు, గాలి బెలోలు, వాటర్ పంపు మాత్రం పాతవి కొనకూడదు. పోయే వయసు వచ్చినవాటినే మళ్ళీ తెచ్చుకున్నట్టవుతుంది. ఇక చట్టం సంగతి. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,544 కోట్ల జరిమానా వేసింది. విడి సామాన్లూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి అందకుండా చేశారన్నది నేరం. ఆ జాబితాలో మెర్సిడెస్, బీఎండబ్ల్యూ కూడా ఉన్నాయి. తర్వాత అప్పీళ్ళు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. అంటే పాత కారు ఖర్చులో కొంత భాగం బండి వల్ల కాదు, తాళం ఎవరి చేతిలో ఉందన్న దాని వల్ల.

పాత డీజిలు బళ్ళు పొగ, వాటిని తుక్కు చెయ్యాలి గానీ పొగడకూడదన్నది ఇంకో మాట. పొగ నిజమే. డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు ఉన్న బండికి దాన్ని కోసి పారేయించి ‘పికప్ పెరిగింది’ అని సంబరపడేవాళ్ళని నేను సమర్థించను. డీపీఎఫ్ మూసుకుపోయేది చాలావరకు బజారు నుంచి ఇంటికీ, ఇంటి నుంచి కాలేజీకీ రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్ళ వల్ల. వారానికొకసారి హైవే మీద అరగంట నిలకడగా నడిపితే అది తనంతట తాను కాల్చుకుని శుభ్రపడుతుంది. చట్టం కూడా పాత బండిని ఒక్కసారిగా చంపమనడం లేదు. పదిహేనేళ్ళకి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. ఆ రుసుము కారుకి 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, ఇరవయ్యేళ్ళు దాటిన బండికి 2025 ఆగస్టు నుంచి 10,000. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు కార్లని తిరగనివ్వకూడదన్న తీర్పుల తర్వాత అక్కడి బళ్ళు చవగ్గా దక్షిణాదికి రావడం మొదలైంది. ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన జీవితపన్ను కలిపాక కూడా ధర చవగ్గానే ఉందో లేదో అప్పుడు లెక్క వేసుకోవాలి. పెట్రోలు బండైతే ఇంకో చిక్కు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు గొట్టాలూ సీళ్ళూ దానికోసం చేసినవి కావు. వాటిని ముందే మార్చుకోవడం కూడా చెయ్యాల్సిన పనుల చిట్టాలో చేరాల్సిందే.

ఒక్క రకం బండి దగ్గర మాత్రం నేను ప్రత్యర్థులతో చేతులు కలుపుతాను. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో, 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళలో మునిగిన ఖరీదైన కార్లు తక్కువేమీ కావు. వాటిలో కొన్ని కడిగి తుడిచి ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి. సీట్ల కింద, కార్పెట్ కింద ఉండే కంట్రోల్ యూనిట్ల పిన్నులకి లోపల్లోపల పచ్చ తుప్పు పడుతుంది. ఏడాది తర్వాత ఒకరోజు హారన్, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు మొదలవుతాయి. దానికి చిట్టా రాయడం కుదరదు, చివర ఎక్కడో ఎవరికీ తెలియదు. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి మరక ఉందేమో, సీటు కింది పట్టాలకి తుప్పుందేమో చూసి, ఉంటే లేచి రావడమే. మీటరు వెనక్కి తిప్పిన బండి సంగతి అంత నిరాశ కాదు. తిరిగిన దూరం కొన్ని మోడళ్ళలో మీటర్లోనే కాక తాళం చెవిలో, వేరే యూనిట్లలో కూడా నమోదై ఉంటుంది, సర్వీసు బిల్లులతో పోలిస్తే అబద్ధం బయటపడుతుంది. బిల్లుల కట్ట చూపించలేని వాడితో మాట్లాడటం అక్కడికి ఆపెయ్యొచ్చు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమానుతో వీణలు చేసేవాళ్ళు ఆ 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెడతారు. మైనం కొన్నేళ్ళకి వేడికి మెత్తబడుతుంది, మెట్లు జారి స్వరం తప్పుతుంది. అప్పుడు మైనమంతా గీకేసి, మళ్ళీ పోసి, ఒక్కో మెట్టూ చెవితో సరిచేసి కూర్చోబెట్టాలి. దీన్ని వీణకి రోగమని ఎవరూ అనరు, వీణ ఉన్న ఇల్లు చెయ్యాల్సిన పనే అనుకుంటారు. బుష్‌లనీ గేర్ ఆయిల్‌నీ కూడా ఆ కంటితో చూసే మనిషి చేతిలో 235 హార్స్‌పవర్ల 530డి పదిహేనో ఏట కూడా పనికొస్తుంది. చిలకపాలెం దగ్గర ఎక్కి విశాఖ వైపు పదహారో నంబరు హైవే మీద దాని ఆరు సిలిండర్లు ఎలా లాగుతాయో ఆ మనిషికి తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో రాజాం వైపు మళ్ళాక మొదటి గోతి దగ్గర ముందు ఎడమ చక్రం టక్‌మంటుంది. ఆ రాత్రి చిట్టాలో ఒక పంక్తి చేరుతుంది: లోయర్ ఆర్మ్ బుష్, ఎడమ, ఆదివారం.