రేకు చిల్లు, దరఖాస్తు దొంతర

ఈ వారం కాలమిస్టుకు కోపం తెప్పించింది ఒక రేకు. ఊళ్లో కుర్రాళ్లు నడుపుకునే చదువుల గది పైకప్పుకు చిల్లు పడింది. మార్చడానికి మహా అయితే నాలుగైదు వేలు. దగ్గర్లోని ఒక కంపెనీలో సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) డబ్బు ఉందని విని వెళ్లారు. చేతికో జాబితా వచ్చింది: సొసైటీ రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నంబర్లు, సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల పని చరిత్ర.

"సార్, రేకు కన్నా ఆడిటర్ ఫీజే ఎక్కువయ్యేలా ఉంది" అన్నాడొకడు.

దరఖాస్తులంటే కాలమిస్టుకు ముందే మంట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చోటుకూ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కంపెనీ తలచుకుంటే తానే రేకు కొని బిగించొచ్చు. డబ్బు సంఘం చేతికివ్వాలంటేనే, 2021 ఏప్రిల్ 1 నుంచి, ఈ నంబర్లన్నీ కావాలి. చట్టం ఊరివైపు చూడమంటుంది, నిబంధనలేమో ఊరివాళ్లను గడప దగ్గరే నిలబెడతాయి.

ఆ ఊపులో కాగితాలన్నింటినీ తిట్టిపోసే కాలమ్ సగం రాశాక, ఆయనకు కర్నూలు జిల్లా ట్రంకు పెట్టె ఒకటి గుర్తొచ్చింది.

తొంభైల చివరి మాట. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. అక్కడి పొదుపు సంఘం మీటింగ్‌కు ఆయన వెళ్లాడు. పెట్టె ఒకామె ఇంట్లో, తాళంచెవి ఇంకొకామె కొంగున. పద్దులు రాసే అమ్మాయి ఒక్కో పేరూ చదువుతోంది. మూలన కూర్చున్న ముసలమ్మకు అక్షరం రాదు. "నా బాకీ నలభై కాదే, ముప్పై. మొన్న పది కట్టలా?" అంది. అమ్మాయి పాత పేజీ తిరగేసింది. అవును, పదే. అంకె కొట్టేసి, పక్కన ముసలమ్మ చేత వేలిముద్ర వేయించింది.

తర్వాత రాష్ట్రంలో వచ్చిన వెలుగు పథకంలోనూ, 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లోనూ, అందరి ముందు పద్దు చదివి రాసుకునే ఈ అలవాటు మీదే ఏర్పాట్లు నిలిచాయి. మిషన్ ఇచ్చే సామాజిక పెట్టుబడి నిధి పొదుపు సంఘాల సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, సంఘానికి అప్పుగా దిగుతుంది, తీరాక ఇంకో సంఘానికి వెళ్తుంది. ఎవరికి ఎంతనేది సభ్యులు కూర్చుని రాసుకున్న రుణ ప్రణాళికను బట్టి. మీటింగులు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాలు, పుస్తకాలు: ఈ పంచసూత్రాల్లో చివరిది అచ్చంగా కాగితమే.

ఆయన కుర్రాళ్లకు ఫోన్ చేశాడు. "మీ దగ్గర లెక్కల పుస్తకం ఉందా?"

"వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు ఉన్నాయి సార్."

మూడేళ్ల చరిత్ర అడిగిన కంపెనీ మీద కోపం పోలేదు. నాలుగైదు వేలు ఇచ్చే ముందు ఒక మనిషిని పంపి సంఘం పుస్తకం తిరగేయిస్తే చాలని ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ తిరగేయడానికి పుస్తకమంటూ ఉండాలి కదా. సాయంత్రం ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని ఆ గదికి వెళ్లాడు. మొదటి పద్దు ఆయనదే: రేకు నిమిత్తం, 500 రూపాయలు.

"రసీదు కూడా రాయాలా సార్?" అన్నాడు పెన్ను పట్టుకున్న కుర్రాడు.

కాలమిస్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాసేదాకా కదల్లేదు.