బాక్టీరియా పైలస్ నిర్మాణంలో ‘మోటారు’ భావన: ఒక విమర్శనాత్మక పరిశీలన

నాలుగో రకం పైలస్‌ను తెలుగులో ‘రోమం’ అనడం సులువు. ఆ మాట సగం సరైనది. వెంట్రుక వలెనే పైలస్ కూడా మొదలులోనే పెరుగుతుంది. ఫ్లాజెల్లం తంతువు మాదిరిగా కొసన పెరగదు. అయితే ఏ వెంట్రుకా తిరిగి చర్మంలోకి పోయి విడివడదు. పైలస్ మాత్రం ముడుచుకుంటూ, తన పైలిన్ ప్రోటీన్లను లోపలి పొరకు తిరిగి అప్పగిస్తుంది. సుమారు 6 నానోమీటర్ల మందం గల ఈ పోగు ముడుచుకునేటప్పుడు 100 పికోన్యూటన్లకు మించిన బలం చూపగలదని గనేరియా బాక్టీరియాపై చేసిన ప్రయోగాలు 2002లో నిరూపించాయి.

ఇంతటి పని చేసేదాన్ని ‘మోటారు’ అనడంలో తప్పు లేదు. చిక్కు ఆ మాట వెంట వచ్చే ఊహతోనే. మోటారు అనగానే తిరిగే ఇరుసు మనసులో మెదులుతుంది.

లోరీ బరోస్, లిన్ హవెల్, వారి సహపరిశోధకులు 2017లో ప్రకటించిన నమూనా ఈ ఊహకు గట్టి ఆధారం సమకూర్చింది. పిల్-బి అనే ఆరు భాగాల ఏటీపీయేజ్, పొరలోని పిల్-సి ప్రోటీన్‌ను 60 డిగ్రీల చొప్పున సవ్యదిశలో తిప్పి పైలస్‌ను పొడిగిస్తుందనీ, పిల్-టి అపసవ్యంగా తిప్పి దాన్ని ముడుస్తుందనీ వారి ప్రతిపాదన. పొడిగింపు, ముడుపు రెండింటికీ పిల్-సి ఎందుకు కావాలో ఇది చక్కగా వివరిస్తుంది. అందుకే అది ఆకర్షణీయం. కాని ఇక్కడ భ్రమణం కంటితో చూసినది కాదు, నిశ్చలమైన స్ఫటిక నిర్మాణాల నుంచి చేసిన అనుమానం. పైగా పైలస్ సర్పిలంలో ఒక్కొక్క పైలిన్ సుమారు 1 నానోమీటరు ఎత్తున, 90 నుంచి 100 డిగ్రీల మలుపుతో కూర్చుంటుంది. 60 డిగ్రీల అడుగుకూ ఈ మలుపుకూ పొత్తు తనంతట కుదరదు. దాన్ని కుదిర్చి చూపవలసిన బాధ్యత నమూనాదే.

‘పెంచే మోటారు ఒకటి, ముడిచే మోటారు మరొకటి’ అన్న సూత్రాన్ని తరగతి గదిలో సార్వత్రిక నియమంగా చెప్పడం మరింత అభ్యంతరకరం. కాలోబాక్టర్‌లోని టాడ్ పైలస్‌ను సి.పి.ఏ.ఎఫ్ అనే ఒకే ఏటీపీయేజ్ పొడిగిస్తుంది, ముడుస్తుంది కూడా. ఇది 2019లో వెల్లడైంది. ఒకే యంత్రం దిశ ఎలా మార్చుకుంటుందన్న ప్రశ్నకు, దిశకొక యంత్రం అనే వివరణ అక్కరకు రాదు.

ఫ్లాజెల్లం భ్రమణం సంగతి వేరు. 1974లో సిల్వర్‌మన్, సైమన్‌లు దాని తంతువును గాజుపలకకు అంటించగా బాక్టీరియా దేహమే గిరగిర తిరిగింది. సందేహానికి తావు లేకపోయింది. ఆ ఉపాయం పైలస్‌కు అంత సులభంగా వర్తించదు. పోగు తిరగకుండానే దాని అడుగున పిల్-సి తిరిగే వీలుంది కనుక, పోగును అంటించి చూసినంత మాత్రాన అవునని గాని కాదని గాని తేలదు. పొరలోని పిల్-సికే గుర్తు తగిలించి, దాని కదలికను పైలస్ పెరుగుతుండగానే కొలవాలి.