నావయా, హాలా? దేవాలయ వాస్తుపదాల అనువాదంపై ఒక విమర్శ

ఉత్తరాంధ్ర కథోలిక దేవాలయాల చరిత్రను తెలుగులో వ్రాయదలచిన వారికి ఒక చిక్కు తప్పదు. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు ఫ్రెంచి మాట్లాడే సవోయ్ ప్రాంతంవారు. ఆ సవోయ్ ఫ్రాన్సులో కలిసింది 1860లో, అది వేరే సంగతి. ఫ్రెంచి వాస్తుపదాలు మనకు సాధారణంగా ఇంగ్లీషు మీదుగానే అందుతాయి. అర్థం చెడేది ఈ మజిలీలోనే అని మా అభిప్రాయం.

‘ప్రెస్బితేర్’ అనే పదాన్నే తీసుకుందాం. ఫ్రెంచిలో అది విచారణ గురువు నివసించే ఇల్లు. ఇంగ్లీషు వాస్తు గ్రంథాల్లో దాన్ని పోలిన ‘ప్రెస్బిటరీ’ బలిపీఠం ఉన్న భాగం. ఇంగ్లీషు కథోలికులు మాత్రం ఇంటికీ ఆ మాటే వాడతారు కనుక చిక్కు రెట్టింపవుతుంది. ప్రెస్బితేర్ పూర్తయిందని ఒక గురువు ఉత్తరం వ్రాశాడనుకుందాం. అనువాదకుడు ఏమరితే గురువు ఇంటి తేదీ గుడికి అంటుకుంటుంది. ఆ తేదీనే తరువాత శతజయంతి సంచికలు, శిలాఫలకాలు మోస్తాయి.

‘కోర్’ విషయం దైవశాస్త్రానికి మరింత దగ్గరది. ఫ్రెంచి వాస్తులో ఇది ప్రధాన పీఠమూ గురువర్గం ఆసనాలూ ఉన్న తూర్పు భాగం. ఇంగ్లీషు ‘క్వైర్’ నుండి ‘గాయక బృందం స్థలం’ అని తెలుగు చేస్తే, దివ్యబలి జరిగే చోట పాటగాళ్లను కూర్చోబెట్టినట్లే. ‘ఓజీవ్’ కూడా ఇంతే: ఫ్రెంచి పండితులకు అది కప్పును మోసే ఏటవాలు రాతి బద్దె, ఇంగ్లీషువారికి మొనదేలిన కమాను. కిటికీ మొనదేలినంత మాత్రాన పైకప్పుకు బద్దెలున్నాయని వ్రాయరాదు.

ఇక ‘నెఫ్’. విశ్వాసులు నిలిచే ఈ భాగాన్ని ఇంగ్లీషులో ‘నేవ్’ అంటారు. మనవారు ‘మధ్య హాలు’ అని సరిపెడతారు. రెంటికీ మూలం లాటిన్ ‘నావిస్’, అంటే ఓడ. మన ‘నావ’కు దూరపు చుట్టమే. నాలుగో శతాబ్దపు అపొస్తలుల నియమావళి దేవాలయం పొడవుగా, తూర్పుముఖంగా, ఓడవలె ఉండాలన్నది. సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి మత్స్యకార గ్రామంలో చదువరికి ‘హాలు’ ఏమి చెబుతుంది? పెళ్లిళ్లకు అద్దెకిచ్చే గది గుర్తుకొస్తుంది. ‘నావభాగం’ అంటే మాత్రం తుపానులో శిష్యులెక్కిన పడవ తలపుకొస్తుంది.

అన్ని పదాలకూ ఇటువంటి అదృష్టం లేదు. ‘ప్రెస్బితేర్’కు గురునివాసం, ‘కోర్’కు పీఠభాగం చాలు. ఫ్రెంచి రూపాన్ని తెలుగు లిపిలో పక్కనే ఉంచాలి, ఇంగ్లీషు మాటను సాక్షిగా మాత్రమే పిలవాలి.